శ్రోతలు నాకు పెట్టిన పేరు

ఈమధ్య కొత్తగా లెక్చరర్లుగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడ్డానికి వస్తుంటారు. కాఫీ తాగుతూ, "మీ టైమ్‌లో ర్యాంకులు బాగా వచ్చేవంట కదా సార్?" అని అడుగుతారు. ర్యాంకులు తెచ్చుకున్నది పిల్లలు. అవి వాళ్లవి. నా ఉద్యోగ జీవితంలో ఇంకెవరికీ వాటా లేకుండా పూర్తిగా నాదే అని చెప్పుకోదగ్గది ఒక పాటలో ఒక స్వరం. దాని గురించి చెప్పాలంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. అయినా చెప్తాను, మీకు పనికొస్తుందేమోనని.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెయిన్ రోడ్డు వెనక సందులో, కింద గాజుల దుకాణాలు, పైన మా కోచింగ్ సెంటరు. ఇంజనీరింగ్ ఎంట్రన్సు రాసే పిల్లలకి లెక్కలు చెప్పేవాణ్ణి. తెనాలి వైపు నుంచి వచ్చి, వనస్థలిపురంలో ఇల్లు కట్టుకుని, దాదాపు ముప్పై ఏళ్లు అదే పని చేశాను. నా గొంతు పెద్దది. ఎప్పుడూ మైకు పెట్టుకోలేదు. కింద గాజులు బేరమాడే ఆడవాళ్లకి కూడా ఈపాటికి త్రికోణమితి వచ్చేసి ఉంటుందని మా ఫిజిక్స్ సార్ వేళాకోళం ఆడేవారు. సెంటర్లో అందరికంటే సీనియర్ని నేనే. నేను వరండాలో నడిచొస్తుంటే పిల్లలు గోడకి అంటుకుపోయేవాళ్లు. ఆ మర్యాద నాకు చాలా ఇష్టంగా ఉండేది.

ఏటా ఎల్బీ నగర్‌లో ఒక ఫంక్షన్ హాలు తీసుకుని, పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ పిలిచి సభ పెట్టేవాళ్లం. నేను పాట పాడిన ఏడు డైరెక్టరుగారు ఆర్కెస్ట్రా వద్దన్నారు. అంతకుముందు ఏడు వాళ్ల స్పీకర్ల మోతకి ముందు వరుసలోని పెద్దవాళ్లంతా లేచి వెళ్లిపోయారు. అప్పుడు కెమిస్ట్రీ మేడమ్ ఒక మాట అన్నారు.

"వాయిద్యాలు లేకుండ మనమే పాడదాం సార్. మా చర్చి క్వయర్‌ల చిన్నప్పటి సంది గట్లనే పాడతం. అకపెల్లా అంటరు. ఒకరు పాట పాడతరు, ఒకరు దాని పక్కన ఇంకో స్వరం పట్టుకుంటరు, ఒకరు నోటితోనే తబలా కొడతరు. అందరికంటే కింద ఒక లావు గొంతు ఉంటది, ఇంటికి పునాది లెక్క. అది కదలకుంటే పాట నిలబడతది."

లావు గొంతు అనగానే అందరూ నా వైపు చూశారు. ఒకసారి కాదని, బతిమాలించుకుని ఒప్పుకోవడం మర్యాద. కానీ కాదంటే ఇంకెవర్నైనా చూసుకుంటారేమోనని భయం వేసి వెంటనే సరేనన్నాను.

మొత్తం నలుగురం. రిసెప్షన్లో కూర్చునే అమ్మాయి అసలు పాట, కెమిస్ట్రీ మేడమ్ జోడు స్వరం, ఫిజిక్స్ సార్ నోటి తబలా, నేను పునాది. ఎన్నుకున్నది అందరికీ తెలిసిన ఒక పాత సినిమా పాట. దాని పేరు చెప్పను, ఇప్పటికే ఆ పాటకి నేను చేసిన అపకారం చాలు. చివరి చరణం అయ్యాక అందరూ ఆగిపోతారు. నా స్వరం ఒక్కటే కాసేపు నిలబడి ఉంటుంది. దాని మీద ఆ అమ్మాయి మెల్లగా మళ్లీ పల్లవి అందుకుంటుంది. మేడమ్ అలా కూర్చారు.

మధ్యాహ్నం బ్యాచి వెళ్లిపోయాక ఖాళీ క్లాసులో సాధన చేసేవాళ్లం. నన్ను మేడమ్ ఎంతో గౌరవంగా చూసేవారు. "సార్, మీది చాన పెద్ద గొంతు, జర మెత్తగ," అనేవారు. ఇంకోరోజు, "సార్, మీరు ఒక అడుగు వెనక్కి నిలబడుండ్రి." మరోరోజు, "ఇక్కడ మీరు రెస్ట్ తీసుకోండి సార్, అంతసేపు పాడితే అలసిపోతరు." నా గొంతు మిగతా వాళ్లందర్నీ మింగేస్తోంది కాబోలు అనుకుని లోలోపల పొంగిపోయాను. ఇంటికెళ్లి మా ఆవిడతో అన్నాను కూడా, "పాపం, వాళ్లు నాతో సరితూగలేకపోతున్నారే" అని.

సభ రోజు చప్పట్లు బాగానే పడ్డాయి. నేను కళ్లు మూసుకుని, గడ్డం పైకెత్తి, చివరి స్వరం మనసారా పాడాను. మా వీడియోలు తీసే ఆయన దాన్ని సెంటర్ యూట్యూబ్ ఛానల్లో పెట్టారు.

మొదట్లో అంతా ఆనందమే. కింద శ్రోతలు రాసినవన్నీ చదువుతూ కూర్చునేవాణ్ణి. రిసెప్షన్ అక్క గొంతు తేనె అన్నారు. ఫిజిక్స్ సార్ నోట్ల తబలా దాచుకున్నడు అన్నారు. వాయిద్యం ఒక్కటీ లేదంటే నమ్మలేకపోతున్నానని ఒక తల్లి రాసింది. నా గురించి ఒకరు, "మ్యాథ్స్ సార్ కాన్ఫిడెన్స్ వేరే లెవెల్" అని రాశారు. మెచ్చుకోలే అనుకుని మా ఆవిడకి రెండుసార్లు చదివి వినిపించాను. విజయవాడలో ఉన్న మరదలికి పంపించాను.

తర్వాత గాలి మారింది. "చివర్ల మ్యాథ్స్ సార్ ఎటు పోతున్నరు?" అని ఒకరు. "బోరు మోటారుకు వోల్టేజీ పడిపోయింది" అని ఇంకొకరు. దాని కింద నవ్వే బొమ్మల వరస. ఆ తర్వాత వచ్చింది అసలుది: "సార్ స్వరం అసింప్టోట్ లెక్క. శ్రుతికి దగ్గరకొస్తనే ఉంటది, ఎన్నడూ తాకది."

లెక్కలు మర్చిపోయినవాళ్ల కోసం చెప్తాను. ఒక గీత, ఒక వక్రరేఖ ఉంటాయి. ఆ వక్రం గీతకి అంతకంతకూ దగ్గరవుతూ ఉంటుంది గానీ ఎంత దూరం పోయినా దాన్ని తాకదు. అలాంటి గీతని అసింప్టోట్ అంటారు. ఏది గీతో ఏది వక్రమో రాసినవాళ్లు తారుమారు చేశారు గానీ, మిగతాదంతా సరిగ్గానే ఉంది. అంతకుముందు వారమే నేను చెప్పిన పాఠం అది.

ఎవరో నా చివరి స్వరం వరకూ కత్తిరించి విడిగా పెట్టారు. మూసిన కళ్లు, ఎత్తిన గడ్డం, నిలబడాల్సిన చోట నిలబడకుండా మెల్లగా కిందికి జారే గొంతు. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టళ్లు ఎన్నున్నాయో అన్నిట్లోకీ అది వెళ్లిపోయింది. నాకు అసింప్టోట్ సార్ అని పేరు ఖాయమైపోయింది.

ఒకరోజు క్లాసులో బోర్డు వైపు తిరిగి ఇంటిగ్రేషన్ లెక్క రాస్తున్నాను. వెనక నుంచి "దుమ్‌మ్‌మ్..." అని ఒక మూలుగు, చివర్లో జారుతూ. క్లాసంతా గొల్లుమంది. ముప్పై ఏళ్లలో నా క్లాసులో నాకు తెలియకుండా నవ్వు పుట్టడం అదే మొదలు.

"ఎవరది?" అన్నాను. ఎవరూ లేవలేదు. గురువంటే ఏమిటో, సంస్కారమంటే ఏమిటో చెప్పడం మొదలుపెట్టాను. చెప్తున్నకొద్దీ వాళ్ల పెదాలు బిగుసుకుంటున్నాయి. చివరికి, "నవ్వుకోండి, నాకొచ్చే నష్టమేమీ లేదు" అన్నాను. ఆ మాట చివర నా గొంతు అచ్చం పాటలోలాగే కిందికి జారింది. ఆ తర్వాత క్లాసు జరగలేదు.

మెట్రోలో మొహం తలుపు వైపు తిప్పుకుని నిలబడేవాణ్ణి. ఎల్బీ నగర్‌లో దిగాక బస్సు కోసం జనంలో కాకుండా దూరంగా, ఒక జ్యూస్ బండి వెనక నిలబడేవాణ్ణి. ఎవరు ఫోను చూసి నవ్వుకుంటున్నా నన్నే చూస్తున్నారనిపించేది.

"ఆ ఫోను అవతల పెట్టండి," అంది మా ఆవిడ.

"నువ్వు చెప్పు. నేను తప్పు పాడానా?"

"నాకేం తెలుసండీ సంగీతం," అంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది. మా కాపురంలో ఏ విషయంలోనూ ఆవిడ తనకి తెలియదనడం నేను వినలేదు.

అసలు ఘోరం ఏమిటంటే, ఆ ముక్క నేను ఎన్నిసార్లు విన్నా నాకు సరిగ్గానే వినిపించేది. లోకమంతా వింటున్న తప్పు నాకొక్కడికే వినపడటం లేదు.

ఫిజిక్స్ సార్‌ని సందు చివర టీ కొట్టుకి తీసుకెళ్లాను. "నిజం చెప్పండి. నేను తప్పుతున్నానా?"

ఆయన టీ గ్లాసులోకి చూశారు. "జర తప్పుతది సార్."

"ఎప్పట్నుంచి?"

"మొదటి దినం నుంచే."

"మేడమ్‌కి తెలుసా?"

"ఆమెనే చెప్పింది సార్, పెద్దసారు, మనసు నొప్పియ్యొద్దని. సభ నాడు మీ మైకు తక్కువ పెట్టియ్యమన్నం. గా వీడియో తీసెటాయన మీ ముంగట వేరే మైకు పెట్టిండని మాకు ఎర్కలేదు."

మెత్తగా పాడమనడం, అడుగు వెనక్కి వేయమనడం, రెస్ట్ తీసుకోమనడం, అన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. పిల్లలు నవ్వినప్పుడు కనీసం కోపం వచ్చింది. దాన్ని పట్టుకుని నిలబడగలిగాను. వీళ్ల మీద కోపం తెచ్చుకోవడానికి కూడా దారి లేదు. అన్ని వారాలూ నన్ను ముగ్గురు కలిసి మోశారు. నేనేమో వాళ్లని నేను మోస్తున్నాననుకున్నాను. టీ సగంలో వదిలేసి వచ్చేశాను.

చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాను. వినికిడి తగ్గిందని అంటే బాగుండునని ఎంత ఆశపడ్డానో చెప్పలేను. చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి ఏవో తగిలించి, చాలాసేపు పరీక్ష చేశారు. బయటికొచ్చి, "మీ వయసుకి చాలా బాగున్నాయండీ చెవులు," అన్నారు సంతోషంగా. దిగులుగా ఇంటికొచ్చాను.

ఆ వారంలోనే డైరెక్టరుగారు మమ్మల్ని నలుగుర్నీ పిలిచారు. ఎల్బీ నగర్‌లో కొత్త బ్రాంచి తెరుస్తున్నారు. "మళ్లీ అదే పాట పెడదాం. సార్, మీరిప్పుడు పెద్ద ఫేమస్! చివర్లో మాత్రం ఏమీ మార్చకండి. పిల్లలకి కావాల్సింది అదే," అని నా భుజం తట్టారు.

నేను నేల చూస్తూ నిలబడ్డాను. కెమిస్ట్రీ మేడమ్ గొంతు వినిపించింది. "మేం పాడం సార్."

"ఎందుకమ్మా?"

"సార్‌ని చూసి నవ్వెటందుకు మేం పాడం."

ఆవిడది ఏ ఏటికాయేడు పొడిగించే ఉద్యోగం. డైరెక్టరుగారి మొహం మారడం నాకు కనపడింది. "పాడతామండీ," అన్నాను నేను. బయటికొచ్చాక మేడమ్‌ని ఆపాను. "పాడదాం. కానీ నాకు నేర్పండి. ఈసారి ఏదీ దాచొద్దు."

ఆవిడ నేర్పారు. మొదటి రోజే, బహుశా చాలాకాలంగా అనుకుంటున్న మాట అనేశారు. "సార్, పాడేటప్పుడు మీరు మిమ్మల్ని తప్ప ఎవర్ని వినరు." అనేసి, ఎర్రబడిపోయి, మంచినీళ్ల బాటిల్ మూత తీసి మళ్లీ పెట్టారు. "సగం గొంతుతోనే పాడండి. ఆ పిల్ల గొంతు మీకు వినపడాలె. వినపడకుంటే మీరు ఎక్కువ పాడుతున్నట్టు."

అన్నాళ్లు పక్కనే నిలబడి పాడుతున్నా, ఆ రిసెప్షన్ అమ్మాయి గొంతు నేను సరిగ్గా విన్నది అప్పుడే. పల్లవిలో ఒకచోట ఊపిరి తీసుకునే ముందు ఆమె గొంతు కొద్దిగా వణుకుతుంది. అది కూడా నాకు తెలియదు. రోజూ జారాను. జారిన ప్రతిసారీ మేడమ్ ఆపి, "మళ్ల" అన్నారు. ఇంట్లో బియ్యం ఏరుతున్న మా ఆవిడ పక్కన కూర్చుని ఆ స్వరమే కూనిరాగం తీసేవాణ్ణి. ఆవిడ తన పని తాను చేసుకునేది. ఒకసారి మాత్రం చేట ఆపి తలెత్తి చూసింది. మర్నాడు సాధనలో ఆ స్వరం నిలబడింది. పట్టుకున్నట్టు నాకూ తెలిసింది, ఛాతీలో ఏదో సర్దుకున్నట్టయింది. ఫిజిక్స్ సార్ తబలా మర్చిపోయి, "గిదే సార్, గిదే!" అని అరిచారు.

కొత్త బ్రాంచి సభకి హాలు నిండిపోయింది. రెండు బ్రాంచీల పిల్లలూ వచ్చారు. మేం వేదిక ఎక్కగానే "అసింప్టోట్!" అని ఒక కేక, దాని వెనక ఈలలు. ఫోన్లన్నీ లేచాయి. పాట మొదలైంది. నిజానికి చాలా బాగా సాగింది. రిసెప్షన్ అమ్మాయి అంత బాగా ఎప్పుడూ పాడలేదు. చివరి చరణం అయింది. ముగ్గురూ ఆగారు. నేను సగం గొంతుతో, ఆ అమ్మాయి పెదాలు చూస్తూ, నా స్వరం పట్టుకున్నాను.

హాలు మొత్తం ఒక్కసారిగా "దుమ్‌మ్‌మ్..." అంది.

వందల గొంతులు. అందరూ ఒకే చోట మొదలుపెట్టి, ఒకే చోట జారి, ఒకే చోట ఆగారు. నేను ముప్పై ఏళ్లుగా చెప్పిన పాఠాల్లో ఏదీ ఒక క్లాసు మొత్తం అంత తప్పు లేకుండా నేర్చుకోలేదు. ఆ హోరులో నా స్వరం నాకే వినపడలేదు. మేడమ్ మాత్రం స్వరం జారకుండా పట్టుకోమన్నట్టు నా వైపు చెయ్యి చాచి, కదపకుండా ఉంచారు. ఆ చేతినే చూస్తూ నిలబడ్డాను. నవ్వులు, చప్పట్లు, మళ్లీ నవ్వులు. ఆ అమ్మాయి పల్లవి ఎప్పుడు అందుకుందో కూడా ఎవరికీ వినపడలేదు.

దిగుతుంటే డైరెక్టరుగారు, "అదిరింది సార్!" అన్నారు. తెర వెనక మేడమ్ కళ్లు తుడుచుకుంటూ, "కరెక్ట్‌గ ఉండె సార్. మేం విన్నం," అన్నారు. హాలు మొత్తంలో ముగ్గురు విన్నారన్నమాట. తర్వాత ఆ వీడియో కింద ఎవరో రాశారు, పాతదే బాగుందని.

సాయంత్రం ఫిజిక్స్ సార్, నేను మెట్రో స్తంభాల కింద టీ తాగుతున్నాం. ఆయన బడంగ్‌పేట్ ఆటో కోసం చూస్తున్నారు. "పోరగాళ్లు ఆగం చేసిన్రు గానీ, మస్తుగ పాడిన్రు సార్," అన్నారు. నేను సంతోషించాల్సింది. కానీ చాలా రోజులుగా నన్ను తొలుస్తున్న మాట బయటికొచ్చింది.

"పాటలో తప్పుతుంటే ఎవరూ చెప్పలేదు. పాఠంలో కూడా ఏమైనా దాచారా?"

 ఆటో వచ్చి ఆగింది. ఆయన ఎక్కకుండా దాన్ని వెళ్లమన్నట్టు చెయ్యి ఊపారు. అప్పుడే నాకు జవాబు తెలిసిపోయింది.

"పరీక్ష మారింది గద సార్," అన్నారు చివరికి. "ఇప్పుడు లెక్కలు వేరే తీరుగ ఇస్తున్రు. మీ క్లాసైనంక పిల్లలు కింది అంతస్తుల చిన్న మ్యాథ్స్ సార్ దగ్గరికి పోతున్రు. డౌట్లకు కాదు సార్. మళ్ల మొత్తం చెప్పించుకుంటున్రు."

"ఎప్పట్నుంచి?"

"చాన దినాలాయె. ఆయన ఎన్నడూ ఒక్క మాట అనలే సార్ మీ గురించి. పిల్లలకు కూడా చెప్పిండంట, పెద్దసార్‌కు తెల్వనియ్యకుండ్రి అని."

వనస్థలిపురం బస్సులు ఒకటి తర్వాత ఒకటి వెళ్లిపోతున్నాయి. ఎక్కలేకపోయాను. వరండాలో నన్ను చూసి గోడకి అంటుకుపోయే పిల్లలు కళ్ల ముందు కదిలారు. నా క్లాసు నుంచి బయటికొచ్చి, అలా నాకు దారిచ్చి, కిందికి దిగేవాళ్లన్నమాట. పాట విషయంలో సిగ్గుపడ్డాననుకున్నాను గానీ, దీని ముందు అదెంత? పాట పాడమని నాకెవరూ జీతం ఇవ్వలేదు.

మర్నాడు నా క్లాసు లేని గంటలో మెట్లు దిగి చిన్న మ్యాథ్స్ సార్ క్లాసుకి వెళ్లాను. నాకంటే చాలా చిన్నవాడు, నల్గొండ వైపు కుర్రవాడు. నన్ను చూడగానే పాఠం ఆపేశాడు. పిల్లలంతా లేచి నిలబడ్డారు.

"ఏమన్న కావాల్నా సార్?"

"పాఠం విందామని వచ్చాను. మీరు కానివ్వండి."

చివరి బెంచీలో ఒక అమ్మాయి బ్యాగు జరిపి చోటిచ్చింది. కూర్చున్నాను. బెంచీ ఇరుకు, మోకాళ్లు తగులుతున్నాయి. అతను మళ్లీ మొదలుపెట్టాడు.  ప్రతి వాక్యం చివరా నా మొహం చూస్తున్నాడు, నేను ఎక్కడైనా తప్పు పడతానేమోనని. నేను అలాంటి స్థితిలో లేను. సగం వరకూ అందుకున్నాను. తర్వాత అతను లెక్కలో రెండు మెట్లు ఒకేసారి దాటేశాడు. పిల్లలు తలలూపి రాసుకుంటున్నారు. నాకు తెలియలేదు.

చెయ్యెత్తాను. క్లాసంతా వెనక్కి తిరిగింది.

"అర్థం కాలేదండీ," అన్నాను.

అతను మళ్లీ చెప్పాడు. నాకు మళ్లీ అర్థం కాలేదు. మెడ దాకా వేడెక్కింది, పక్కనున్న అమ్మాయి నా వైపు చూడకుండా పుస్తకంలోకి వంగింది. నేను మాత్రం చెయ్యి దించలేదు.